లక్కపిడతలలోని విందు

గుజ్జనగూళ్ళాట యెఱుగని బాల్యము మన దేశమున నుండెనని చెప్ప వీలులేదు. ఇసుక యన్నమై, ఆకులు కూరయై, చింతగింజలు పప్పై, నలుగురు బాలికలు బొమ్మరింటి ముంగిట విందు చేసికొనుట తరతరములుగా వచ్చుచున్న వేడుక. శూద్రకుని నాటకమునకు మృచ్ఛకటికమను పేరు ఒక బాలుని మట్టిబండివలన వచ్చినది. పొరుగింటి పిల్లవాని బంగారుబండిని చూచిన చారుదత్తుని కుమారుడు తన మట్టిబండి తనకు వలదని యేడ్చెను. పిల్లలచేతి యాటవస్తువు దేనితో చేసినది, ఎవరిని చూచి చేసినది అను ప్రశ్న అంత పాతది. ఆ ప్రశ్నయే నేడు మఱియొక రూపమున మన యిండ్లలో ప్రవేశించినది.

పాలిమర్ క్లే యని వ్యవహరింపబడు కృత్రిమమృత్తికతో గోరంత వంటకములను చేయు విద్య కొన్నియేండ్లుగా మన పట్టణములలో వ్యాపించుచున్నది. విద్యార్థినులు, గృహిణులు, ఉద్యోగము చాలించుకొన్న పెద్దలు సయితము సాయంకాలము బల్లముందు కూర్చుండి, సూదులతోను, పండ్లు తోముకొను పాతకుంచెలతోను పని చేసి, వేలిగోటిపై నిలుచునంత పళ్ళెములో భోజనము వడ్డించుచున్నారు. కొందఱు వానిని చెవిపోగులుగను, తాళపుచెవుల గుత్తికి వ్రేలాడు బిళ్ళలుగను చేసి విక్రయించుచున్నారు. దీనిని పనిలేనివారి పనియని త్రోసివేయువారితో మేము ఏకీభవింపజాలము. చూచి మైమఱచువారితోడను మాకు పూర్తిగా పొత్తు లేదు.

ముందుగా ఆ వస్తువును గూర్చి రెండు మాటలు. ఇది పేరునకే మన్ను. నీటిగొట్టములకును, విద్యుత్తుతీగల తొడుగులకును వాడు పి.వి.సి. యొక్క మెత్తని పొడిని, దానిని మెత్తబఱచు నూనెవంటి ద్రవముతోను రంగులతోను కలిపి ముద్దచేసిన పదార్థమిది. గాలికి ఎండదు. నెలల తరబడి మెత్తగా నుండును. సుమారు 110 మొదలు 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అరగంట యుంచినచో పొడిరేణువులు ఆ ద్రవమును పీల్చుకొని, ఒండొంటితో కలిసిపోయి గట్టిపడును. అరిసెలు వేగు నూనెకంటెను ఇది తక్కువ వేడి. ఆవము అక్కఱలేదు, కుమ్మరి యనుభవము అక్కఱలేదు. అందుచేతనే ఇది యింటింటికిని రాగలిగినది.

దీని పుట్టుకయు వింతయైనదే. జర్మనీలో కేథె క్రూసె యను ప్రసిద్ధ బొమ్మల నిర్మాత్రి యుండెను. 1939 ప్రాంతమున, బొమ్మల తలలకు పనికివచ్చునేమోయని ఆమె కార్యశాలకు ఇట్టి పదార్థమొకటి తెచ్చి చూపిరి. అక్కడ అది అక్కఱకు రాలేదు. ఆమె కుమార్తె ఫీఫీ రేబిండర్ దానిని చేతపట్టి, చేతిపనికి అనువుగా మార్చి, తన పేరుతోనే అమ్మకమునకు పెట్టెను. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ ఆమెవద్ద దానిని కొనెను. ఫిమో యను పేర నేడు మన యంగళ్ళలో దొరకునది అదియే. అమెరికాదేశపు స్కల్పీ సయితము పరిశ్రమకై పుట్టి, అందు నిలువక, బొమ్మలవారి చేతికి వచ్చినదే. పెద్దలకు పనికిరానిది పిల్లలపాలగుట లోకమున క్రొత్త కాదు.

వస్తువు క్రొత్తదైనను విద్య క్రొత్తది గాదు. 1920లో ఈజిప్టుదేశమున తీబ్సు సమీపమున, సుమారు 4000 ఏండ్ల నాటి మెకెట్రె యను ఉన్నతోద్యోగి సమాధిలో విన్‌లాక్ పండితుడు ఒక చిన్నగది కనుగొనెను. అందు కొయ్యతో చేసిన బొమ్మల కార్యశాలలు బారులు తీరియుండెను. ఒకచోట ధాన్యపు కొట్టు, దానిని లెక్కవ్రాయు గుమాస్తాలు. ఒకచోట పిండి విసరి రొట్టెలు కాల్చువారు, మద్యము కాచువారు. మెకెట్రె పరలోకమున ఆకలిగొనరాదని చేసిన యేర్పాటది. న్యూఢిల్లీ నిర్మాతలలో నొకడైన లట్యెన్సు 1921 మొదలు 1924 వఱకు ఇంగ్లండు రాణి మేరీకై ఒక బొమ్మలమేడను కట్టించెను. అందు అడుగు ఒక అంగుళమైనది. నేలమాళిగలోని వ్రేలెడు సీసాలలో నిజమైన ద్రాక్షసారాయమునే పోసిరి. వేల యేండ్ల యెడములో ఇద్దఱును చేసినది ఒక్కటే. తమ యింట వండుదానిని, తాము త్రాగుదానినే చిన్నదిగా చేయించిరి.

జపానుదేశపు కథ మనకు మఱింత దగ్గఱ. భోజనశాలల ముంగిట అద్దపుపెట్టెలలో నకలు వంటకములు పెట్టుట వారి యాచారము. 1932లో ఇవసాకి తకిజో యను ఆయన ఒసాకాలో మైనపు వంటకములు చేయు సంస్థను నెలకొల్పెను. ఆయన స్వస్థలమైన గుజో హచిమాన్ నేటికిని ఆ వృత్తికి ప్రసిద్ధి. మైనము ఎండకు కరగుటచే పిమ్మట వినైలు వచ్చినది. అది మనము చెప్పుకొనుచున్న మృత్తికకు దాయాదియే. ఇవసాకి మొదట చేసినది ఆమ్లెట్టు. అది పడమటినుండి వచ్చిన వంట. దానిని చేసినందుకు ఆయనను ఎవరును తప్పుపట్టలేదు. కాని ఆ యద్దపుపెట్టెలలో టెంపురాయు, సుషియు, నూడిలు గిన్నెయు చోటు కోల్పోలేదు. పరాయి వంటకు పీట వేసి తన వంటను అటక యెక్కించుట వారెఱుగరు.

మనవారి బల్లలపై నేమున్నవి? స్ట్రాబెరి కేకు, గులాబిరంగు పూత పూసిన డోనట్టు, బర్గరు, పిజ్జాముక్క. నేర్పెడు చలనచిత్రములు పరదేశములవి, రబ్బరు అచ్చులు పరదేశములవి. కనుక వానినుండి వచ్చు వంటకములును అక్కడివే. ఇడ్డెనలు, దోసెలు, అరటియాకు భోజనము చేయువారు లేరని మేమనుట లేదు. ఉన్నారు, వారి పని చూడముచ్చటగానే యుండును. అయినను ఆ యిడ్డెన దక్షిణదేశమునకు గుర్తుగా చేసిన యిడ్డెనయే గాని, ఒక యింటికి గుర్తుగా చేసినది కాదు. అరిసె యేది? సకినమేది? సర్వపిండి యేది? ఆత్రేయపురపు పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని సంతోషించితిమి. దానిని గోరంతగా చేసి చూపిన చేతులను మాత్రము వేళ్ళపై లెక్కింపవచ్చును.

వస్తువు పరదేశీయమైనందుకు మేము కినుక వహించుట లేదు. మిరపకాయ అమెరికా ఖండమునుండి వచ్చినది. అంతమాత్రమున ఆవకాయ మనది కాదనువాడు ఆంధ్రదేశమున నొక్కడైనను ఉండునా? వచ్చిన కాయను మన జాడిలో వేసికొంటిమి. ఈ మృత్తిక విషయమున ఆ పని ఇంకను జరుగలేదు. జాడితోపాటు ఊరగాయను గూడ దిగుమతి చేసికొనుచున్నాము.

ఇందులో నష్టమేమి, పిల్లలాటయే గదా యని పాఠకమహాశయులలో కొందఱు అడుగవచ్చును. ఈ విద్యను దగ్గఱనుండి చూచినవారికి నష్టమేమో తెలియును. ఒక వంటకమును పండ్రెండవవంతుకు తగ్గించి చేయవలెననిన, ముందు దానిని ఎన్నడును చూడనంతటి శ్రద్ధతో చూడవలెను. అరిసె అంచు నడిమిభాగముకంటె ముదురురంగున నుండునా? నువ్వులు పైకి తేలియుండునా, లోనికి దిగియుండునా? చెక్కలతో నొక్కి నూనె పిండినపుడు దాని యొడలు ఎట్లు పగులును? బొబ్బట్టుపై మచ్చలు ఎచ్చట పడును? పెనముపైనుండి యిప్పుడే దిగిన దోసెకును, చల్లారిన దోసెకును మెఱుపులో భేదమేమి? నిత్యము తినువారము, వీనిలో దేనికిని తడుముకొనక బదులు చెప్పలేము. చేయుటకు కూర్చున్న పదునైదేండ్ల బాలిక వంటింటిలోనికి పోయి అమ్మమ్మను అడుగక తప్పదు. డోనట్టు చేయు బాలిక కాపోశనము పట్టినట్లు తెరపై చూచినదానినే చూచును. అడుగుటకు ఆమెకు ఇంట మనిషి లేదు. నష్టమనగా ఇదియే. అరిసెపాకము పట్టగల చేతులు ఒక్కొక్కయింట ఒక్కటొక్కటిగా తగ్గుచున్నవి. మిఠాయియంగడిలో అరిసెలు దొరకుచుండుటచే ఆ తగ్గుట మనకు కనబడుట లేదు.

విచిత్రమేమనగా, ఈ విద్యకు కావలసిన పనిముట్లు మన వంటింటిలో ముందునుండియే యున్నవి. మృత్తికను పలుచని రేకులుగా చేయుటకు పాశ్చాత్యులు ఇటలీవారి పాస్తాయంత్రమును వాడుదురు. అప్పడాల పీటయు కఱ్ఱయు ఆ పనినే చేయును. సన్నని పోగులు తీయుటకు వారు కొను గొట్టము మన జంతికల గొట్టమునకు తమ్ముడు. నారింజతొనల బిళ్ళలు చేయు పద్ధతి మిక్కిలి చక్కనిది: తొనలను, తెల్లని పొరను, పైతోలును పెద్ద కడ్డీగా పేర్చి, ఆ కడ్డీని నెమ్మదిగా దొర్లించి సాగదీయుదురు. కడ్డీ సన్నమగుకొలది లోపలి చిత్రము చెదరక చిన్నదగును. పిదప బిళ్ళలు కోసినచో ఒక్కొక్కటి ఒక నారింజచక్కు. వెనిసునగరపు గాజుపనివారు పూలగాజు చేయు విధానమే యిది. దీనిని చూచి మన మిఠాయివాడు ఆశ్చర్యపడడు. మడతకాజాకు అతడు చేయుపనియు దాదాపుగా అదియే. పిండిరేకును పరచి, చమురు రాచి, చుట్టగా చుట్టి, ముక్కలు కోయును. కృత్రిమమృత్తికతో మడతకాజా చేయవలెననిన వేఱుపద్ధతి వెదకనక్కఱలేదు. మడతకాజా చేయునట్లు చేయుటయే దారి.

సకినము సంగతియు అంతే. బియ్యపుపిండిని వ్రేళ్ళ నడుమ మెలిపెట్టుచు చుట్టుపై చుట్టు వేయు తెలంగాణపు స్త్రీకి, ఆ పనినే దారమంత మృత్తికతో చేయుట వారముదినములలో పట్టుబడును. గాజువలె వెలుగును చొరనిచ్చు తెల్లమృత్తిక యొకటి కలదు. దానిని కాగితముకంటె పలుచగా తీసినచో పూతరేకు. వేపుడురంగునకు సుద్దకణికను గీకిన పొడిని మెత్తని కుంచెతో అద్దుదురు. ఎఱుపు, పసుపు, కపిలవర్ణములను ఒకదానిపై నొకటిగా పలుచగా వేసినగాని గారె గారె కాదు. ఒక్కటే రంగు పూసినచో అది బొగ్గుబిళ్ళ. అన్నము అన్నిటికంటె కష్టము. మెతుకు అరమిల్లీమీటరు మందమునకు మించరాదు. ఓపికగలవారు పోగులు తీసి తునుకలు కోసి, జారుడుగా నుండు ద్రవమృత్తికలో కలిపి పళ్ళెమునకు ఎత్తుదురు. ఒక్క విస్తరిలో అన్నము వడ్డించుటకు ఒక పూట పట్టును. వండువారికి తెలియును, నిజమైన యన్నము ఇంత శ్రమ పెట్టదు!

ఇంతవఱకు వంటకముల మాట. వానిని దేనిలో వడ్డించుట? ఇచ్చటనే మా ముఖ్యమైన యభిప్రాయమును విన్నవింపవలసియున్నది. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామము కలదు. అంకుడు కొయ్యను తరిణెపై త్రిప్పి, తిరుగుచున్న కొయ్యకు రంగులక్క కడ్డీని అదుముదురు. రాపిడివేడికి లక్క కరగి అంటుకొనును. పసుపు, నీలి, జాఫరాగింజల రంగులతో మెఱయు ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. ప్రకృతిసిద్ధములైన రంగులను మరల నెలకొల్పుటకై పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము వచ్చెను. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీవీథులలో మన రాష్ట్రపు శకటముపై నిలిచినవి ఆ బొమ్మలే. తరిణెకు గుండ్రనిది సులభము. కావుననే కుండలు, గిన్నెలు, రోలు, తిరుగలి, చెంబులు ఆ చేతులనుండి ధారాళముగా వచ్చును. మనము లక్కపిడతలని పిలుచునవి అవియే.

ఆ పిడతలన్నియు ఖాళీ. ఎన్నితరములనుండియో ఖాళీ. వానిని నింపుపని పిల్లల యూహకే విడిచిపెట్టిరి. ఆటకు అది చాలును. కొలువుకు చాలదు. దసరాకు గాని సంక్రాంతికి గాని బొమ్మలకొలువు పెట్టు యిండ్లలో పెండ్లిపందిరి యుండును, బాజాభజంత్రీలు ఉందురు. పంక్తిభోజనపు విస్తళ్ళలో మాత్రము తఱచుగా రంగుచుక్కలే వంటకములు. పండుగనాడు లోపల వంటింటిలో అరిసెలు వేగుచుండును. కొలువుమెట్లపై వాని జాడ యుండదు. ఒకవైపు తిండిలేని పాత్రలు చేయు పాతవృత్తి, మఱియొకవైపు పాత్రలేని తిండి చేయు క్రొత్తవృత్తి. ఈ రెండును ఇంతవఱకు ఒకదానిని ఒకటి చూచుకొనలేదు. పట్టణపు బాలిక పరదేశపు ప్లాస్టిక్కు పళ్ళెములను తపాలాలో తెప్పించుకొనుచున్నది. తరిణెవాడు గిరాకి లేదని కూర్చున్నాడు. కావలసిన కొలత వ్రాసి పంపిన యెడల ఆరంగుళముల గిన్నెను అరంగుళముగా త్రిప్పి యిచ్చుట అతనికి కష్టమైన పని కాదు. అంకుడు కొయ్య కొఱతను గూర్చి మొఱపెట్టుకొను ఆ పల్లెకు, పెద్దబొమ్మకు చాలని తునుకలు ఈ చిన్నపిడతలకు చాలుననుట గూడ మేలే.

ఇక భయపడవలసిన సంగతులు. వీనిని తేలికగా దాటుట మాకిష్టము లేదు. ఈ మృత్తికను మించిన వేడిలో నుంచినచో నల్లబడి, ముక్కును కంటిని మండించు హైడ్రోజన్ క్లోరైడు వాయువును విడుచును. కావున వేడిమాపకము లేక అంచనామీద కాల్చరాదు. గది కిటికీలు తెఱచియుంచవలెను. మృత్తికను తాకిన కత్తియు, పీటయు, గొట్టమును మరల వంటకు రారాదు. జంతికల గొట్టమని పైన వ్రాసితిమి. దానికొఱకు ప్రత్యేకముగా మఱియొకటి కొనుడనియే మా తాత్పర్యము గాని, పండుగగొట్టమును తీసికొనుడని కాదు. మెత్తబఱచు ద్రవములలో థాలేటులను జాతికి చెందిన కొన్నింటిని ఐరోపా, అమెరికా దేశములు పిల్లల వస్తువులలో నియంత్రించినవి. పేరులేని చవుకసరకు పొట్లములపై ఇట్టి వివరమే యుండదు. అట్టిదానిని వెలకు ఆశపడి కొనుట మంచిది కాదు.

దీనికంటె పెద్ద యపాయము మఱియొకటి కలదు. వస్తువు ఎంత బాగుగా కుదిరినచో అంత యపాయము. మూడేండ్ల బిడ్డకు అరిసెబొమ్మయు అరిసెయు ఒక్కటే. రెండును నోటికి పోవును. ఆటవస్తువుల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టమొకటి యుండును. దానిలో పూర్తిగా ఇముడు వస్తువు మూడేండ్లలోపు బిడ్డకు తగదని నిర్ణయము. ఈ వంటకములలో దానికి ఇముడనిదే లేదు. తిండివలె కనబడి బిడ్డలను మోసగించు వస్తువులను ఐరోపాదేశములు 1987లోనే శాసనముచే నిషేధించినవి. 2024 డిసెంబరు నుండి ఆ నిబంధన వారి క్రొత్త వస్తుభద్రతా శాసనమున చేరినది. మన దేశమున 2021 జనవరి 1 నుండి 14 ఏండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరియైనది. భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకును మినహాయింపు కలదు. కాని గోరంత పిజ్జాను అలంకారవస్తువని చీటి యంటించి యమ్మువారిని ఈ యుత్తరువు తాకదు. చీటి చదువుట పసిబిడ్డకు రాదు. ఇట్టి వస్తువులపై చిన్నపిల్లలకు అందనీయరాదను హెచ్చరిక తెలుగున పెద్దయక్షరములతో ఉండవలెనని ప్రభుత్వము నిర్బంధించుట యుక్తము. పసివాండ్ల చేతికి కొయ్యపిడతలనే, అవియును మింగుడుపడని పెద్దవానినే యిచ్చి, మృత్తికావంటకములను కొలువుమెట్లపై ఎత్తున పెట్టుట యింటివారి బాధ్యత.

ఈ పదార్థము మట్టిలో కలియదను ఆక్షేపణయు సత్యమే. అందుచేత దీనిని పుట్టలు పుట్టలుగా అచ్చుకొట్టి పండుగకానుకలుగా పంచు యోచనను మేము సమర్థింపము. ఒకయింట ఒకసారి చేసికొని ఏటేట పెట్టెనుండి తీసి పెట్టుకొనదగినది ఇది. కొండపల్లివారు తెల్లపొణికి కొయ్యబొమ్మలకు అతుకులుగా చింతగింజల జిగురును ఱంపపుపొట్టును నూరి వాడుదురు. ఆ ముద్దతో గారెలు, బూరెలు కుదురునేమో చూడదగును. పూతరేకు మాత్రము దానితో కుదురదు.

సంక్రాంతికి ముందు అటకపైనున్న పెట్టెను దింపు వాడుక ఇంకను గల యిండ్లు మన పల్లెలలో చాలనున్నవి. దింపినపుడు పిడతలను తుడిచి లెక్కించుకొని, వానికి తగిన వంటకములను ఇంటి బాలికలచేత చేయింపవచ్చును. నాలుగంగుళముల అరిసె అంగుళములో మూడవవంతగును. సకినమునకు ఎన్ని చుట్లుండునో మాత్రము ముందుగా ఇంటి పెద్దామెను అడిగి వ్రాసికొని కూర్చుండవలెను. ఒక్కొక్కయింట ఒక్కొక్క లెక్క.